బటన్ సందులో సుద్దముక్క

ఇంటి వెనక గది, ఇస్త్రీ బల్ల మీద నుంచి

బావమరిదికి,

ఈ ఉత్తరం చదవగానే ఫోన్ తియ్యకు. "బావగారూ, మీరు ఫోన్ ఎత్తితే నా భోజనం చల్లారిపోతోంది, ఏదైనా ఉంటే రాసి పడెయ్యండి" అన్నది నువ్వే. రాసి పడేస్తున్నాను. అనుభవించు.

విషయం ఒక్క వాక్యంలో చెప్పి, మిగతాది తీరిగ్గా చెబుతాను. మీ అక్క రేడియో కాలిపోయింది.

చూశావా, రాయడంలోనే తప్పు దొర్లింది. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా "మాస్టారూ, ప్యాంటు చిరిగింది" అంటారు. చింపానన్నవాణ్ణి ఇన్నేళ్ల దర్జీ పనిలో ఒక్కణ్ణీ చూడలేదు. బట్టలు బీరువాలో కూర్చుని కూర్చుని విసుగెత్తి వాటంతటవే చిరుగుతాయి కాబోలు. కాబట్టి కుట్టు విప్పి మళ్లీ కుడుతున్నాను: మీ అక్క రేడియో నేను కాల్చాను.

ఆ పెట్టె నీకు తెలియంది కాదు. వెండిరంగు మొహం, పొడుగాటి అద్దం వెనక నారింజరంగు ముల్లు, స్టేషన్లు మార్చడానికి వేలితో తోస్తే మెత్తగా తిరుగుతూ పోయే బరువైన గుండ్రటి మీట, అటొకటి ఇటొకటి మోకాలెత్తు స్పీకర్లు. రేడియో అనకూడదు, రిసీవర్ అనాలని నువ్వు నాకొకసారి క్లాసు కూడా పీకావు. అమ్మాయి కాన్పుకని మీ అక్క వెళ్లాక ఇల్లు బోసిగా ఉండి, ఇస్త్రీ బల్ల హాల్లోకి లాక్కొచ్చాను. పాటలు వింటూ కోట్లు ఇస్త్రీ చేస్తున్నాను. నీళ్లు చిలకరించుకునే డబ్బా దాని నెత్తిన పెట్టాను. అప్పుడే ఒక పెళ్లికొడుకు ట్రయల్‌కి వచ్చాడు. మనిషిని ఊరికే నిలబెట్టడం ఎందుకని కవలల కోటు కథ మొదలుపెట్టాను. నువ్వు విన్నదే. విననివాళ్లెవరున్నారు? పెళ్లికూతురు తండ్రి వచ్చి అసలు పెళ్లికొడుకుని వదిలేసి రెండోవాణ్ణి కావలించుకునే ఘట్టం ఉంది కదా, అక్కడ చేతులు బార చాపకపోతే కథ పండదు. చాపాను. డబ్బా బోర్లాపడింది. పెట్టె పైన గాలి ఆడటానికి ఉన్న కన్నాలన్నీ నీళ్లు తాగాయి. టప్‌మని శబ్దం, పొగ, కాలిన వాసన. పెళ్లికొడుకు ఒక చెయ్యి తొడుక్కున్న కోటుతోనే వీధిలోకి పరుగెత్తాడు.

ఇక్కడి రిపేరు షాపువాడు మూత తీసి చూసి, మూత పెట్టేసి, "కొత్తది కొనుక్కోండి, అరచేతిలో పడుతుంది" అన్నాడు. అరచేతిలో పట్టేదాన్ని మీ అక్క ఏం చేసుకుంటుంది? ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కూర్చుని ఊరందరి మాటలూ ఒకరివొకరికి కలిపిన మనిషి. రిటైరయ్యాక సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని మీట మీద చెయ్యి వేసి, "ఇప్పుడు నా కోసం వింటున్నాను" అంటుంది. ఆ కాసేపే ఆవిడ మొహంలో ఏ పనీ ఉండదు. అది చూడటం కోసమే నేను కూడా వింటున్నట్టు నటిస్తాను.

పాప మెడ నిలబడగానే వచ్చేస్తుందట. ఈలోగా పెట్టె పాడాలి. లిఫ్టులు పైకీ కిందికీ నడిపేవాడివి, ఇదొక లెక్కా నీకు? పెట్టెను పాత దుప్పట్లలో చుట్టి లారీకి ఎక్కించాను.

నీ బావ


పైకప్పు మీది లిఫ్టు మోటారు గది

బావగారికి,

పెట్టె అందింది. దుప్పట్లు కూడా అందాయి, వాటిలో ఒకటి పెళ్లికొడుకుది అనుకుంటాను, ఖరీదైన కోటు గుడ్డలా ఉంది. చూసుకోండి.

విప్పి చూశాను. కరెంటు లోపలికొచ్చే చోట నీళ్లు పడ్డాయి. అక్కణ్ణుంచి ఆంప్లిఫయర్ బోర్డు మొత్తం బొగ్గు. స్టేషన్లు పట్టే చిప్పు కూడా పోయింది, దాన్ని తయారుచేసేవాళ్లు తయారీ మానేసి చాలాకాలమైంది. బతికినవి ట్రాన్స్‌ఫార్మరు, స్పీకర్లు, మొహం. మీరు భయపడకండి. అక్కకి కావలసింది మొహమూ మీటానే. లోపల ఏముందో తనెప్పుడూ చూడలేదు.

అందుకని ఇలా అనుకున్నాను. మొహం పాతది, కడుపు కొత్తది. ఆంప్లిఫయర్ నేనే కొత్తగా కడతాను. రేడియోకి ఇప్పటి చిన్న చిప్పు పెడతాను. మీట తిప్పితే ఎంత తిరిగిందో లెక్కపెట్టి, చిన్న మోటారుతో నారింజ ముల్లుని నడిపించడానికి ఒక కంట్రోలర్ పెట్టి, దాని ప్రోగ్రామ్ నేనే రాస్తాను. నాకు కొత్త పనేం కాదు. లిఫ్టుని పక్కకి పడుకోబెడితే రేడియో. ఒక్కో స్టేషనూ ఒక్కో అంతస్తు.

ఇంకొకటి. ముందు బటన్ల వరసలో 'మోనో' అని రాసున్నదొకటి లోపలికి నొక్కుకుపోయి ఉంది. సందులో చీలికలా చెక్కిన నీలం సుద్దముక్క బిగించి ఉంది. ఆ బటన్ గొళ్లెం ఎప్పుడో అరిగిపోయింది, నొక్కితే నిలబడదు, సుద్ద ఉండబట్టి ఇన్నాళ్లూ లోపలే ఉంది. అంటే ఏమిటో తెలుసా? స్టీరియో అంటే ఒక స్పీకర్లో కొన్ని వాయిద్యాలు, ఇంకో స్పీకర్లో కొన్ని. మోనో నొక్కితే అంతా కలగలిపి రెండింట్లోంచీ ఒకటే వస్తుంది. ఇంత మంచి పెట్టె కొనుక్కుని మీరిద్దరూ ఇన్నేళ్లూ రెండు స్పీకర్లలో ఒకటే పాట విన్నారు. రెండు కాళ్లూ ఒకే గొట్టంలో పెట్టి ప్యాంటు తొడుక్కున్నట్టు. దర్జీ గారింట్లో సుద్ద ఎక్కడికైనా చేరుతుందని నాకు తెలుసు. తీసి పారేశాను. స్టీరియో మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.

మీ బావమరిది


ఇస్త్రీ బల్ల, అదే గది

బావమరిదికి,

దుప్పటి విషయం నిజమే. ట్రయల్ తర్వాత సరిచెయ్యడానికి విప్పిన పెళ్లికొడుకు కోటు వెనక ముక్క అది. నేను మూడు గదులూ వెతికాను. వెంటనే పంపు. అతను పెళ్లిలో గోడకి ఆనుకుని నిలబడలేడు కదా.

సుద్ద సంగతి మాత్రం ఒప్పుకోను. నీలం సుద్ద నాదే, తెల్లబట్ట మీద గీతకి వాడతాను. కానీ నేను సుద్దని విరవను, చెక్కను, వేళ్లకి అందనంత చిన్నదయ్యేదాకా అరగదీస్తాను. చీలికలా చెక్కి సందులో పెట్టడం దర్జీ పని కాదు, వడ్రంగి పని. నీ చెల్లని అనుమానాలు నా మీద రుద్దకు.

నిన్న మీ అక్క ఫోన్ చేసింది. పాప తన వేలు పట్టుకుని వదలడం లేదట. ఆ మాట చెప్పి, "నా పెట్టె ఎలా ఉంది?" అంది. అబద్ధం ఆడటం నాకు చేతకాదు, ఆడినా ఆవిడ దగ్గర నిలవదు. "మాట్లాడకుండా ఉంది" అన్నాను.

"పోనీలెండి, మీ ఇద్దర్లో ఒకరైనా" అంది.

ఇదిగో, మీ అక్కతో నాకు ఉన్న చిక్కే ఇది. ఫోన్లో, బజారులో, అందరి మధ్యా ఇలా మాటకి మాట అంటిస్తుంది. ఇంట్లో కూర్చుని నేనొక కథ చెబితే ఊ అనదు, ఆ అనదు. కవలల కోటు కథ విని ఒక పెళ్లిపెద్ద నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు, బ్యాంకు మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు, ఆవిడ ఒక్కసారైనా పెదవి కదపలేదు. నా కబుర్లు ఇలా పెడచెవిన పెట్టిన మనిషిని ఇంకొకరిని చూడలేదు. ఆ పెట్టె పాడితే మాత్రం తల ఊపుతుంది. నాకు ఒకప్పుడు ఆ పెట్టె మీద అసూయగా ఉండేది. డబ్బా కావాలనే బోర్లించానని మాత్రం ఎవరితోనూ అనకు.

పాప మెడ అప్పుడే నిలబడుతోందట. తొందరపడు.

నీ బావ


మా ఇంటి షెడ్డు

బావగారికి,

పెట్టె మా కంపెనీ వ్యానులో వస్తోంది. డ్రైవరుకి టీ ఇవ్వండి, కథ చెప్పకండి. అతనికి ఇంకా చాలా చోట్లకి వెళ్లే పనుంది.

ఆలస్యానికి కారణం చెప్పాలి. ప్రోగ్రామ్ కొత్తగా రాయడం ఎందుకని మా లిఫ్టుది కొంత తెచ్చి అతికించాను. మొదటిసారి కరెంటు పెట్టగానే ముల్లు ఎడమ చివరికి వెళ్లి కూర్చుంది. కరెంటు పోయి వస్తే లిఫ్టు కింది అంతస్తుకి పోవాలి కదా, అదన్నమాట. అది సరిచేశాను. తర్వాత స్టేషన్ చేరగానే 'టింగ్' అంది. వార్తలకి టింగ్, పాటలకి టింగ్. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఎవరో పైకొచ్చారు, తలుపు తియ్యండి" అంది. అదీ పీకేశాను. ఒక్కటి మాత్రం ఉంచాను, మీరు గమనించండి. మీటను జోరుగా తోస్తే ముల్లు పరుగెత్తి, స్టేషన్ దగ్గరికొచ్చాక నెమ్మదించి, కుదుపు లేకుండా ఆగుతుంది. ముసలివాళ్లు తూలకుండా ఉండటానికి లిఫ్టులో నేను పెట్టిన ఏర్పాటే. మీట వెనక ఉన్న ఇనప చక్రం పాతదే, అక్క వేలికి ఆ బరువు తెలియాలి.

ఇక శబ్దం. నేనే చెప్పుకోకూడదు కానీ, స్టీరియో ఎంత బాగా విడిందంటే, యుగళగీతం పెడితే ఆడగొంతు కుడి పెట్టెలో, మగగొంతు ఎడమ పెట్టెలో నిలబడి పాడతాయి. మధ్యలోంచి నడిచి వెళ్లడానికి మొహమాటం వేస్తుంది. మోనో ఎవరికి కావాలని దాన్ని తీసేశాను. ఆ బటన్ ఖాళీగా ఉండటం ఎందుకని అద్దం వెనక దీపానికి కలిపాను. నొక్కిపట్టినంతసేపూ దీపం ఇంకాస్త వెలుగుతుంది.

నా చేతుల మీదుగా వెళ్లినవాటిలో ఇంత మంచి పని లేదు. అక్క ఏమందో ఒక్క అక్షరం వదలకుండా రాయండి.

మీ బావమరిది


హాలు, నా కుర్చీలోంచి

బావమరిదికి,

అక్షరం వదలకుండా రాయమన్నావు. అవి చాలా కొద్ది.

మీ అక్క వచ్చింది. పెట్టె వెండిమొహంతో దాని చోట్లో అది ఉంది. కాల్చిన సంగతి గుమ్మంలోనే చెప్పేశాను, దాచితే నా మొహంలో చదివేస్తుంది. కోప్పడలేదు. మీట తోసి, ముల్లు పరుగెత్తి నెమ్మదించడం చూసి, "తమ్ముడు చేశాడా?" అని మురిసిపోయింది. రెండుసార్లు, మూడుసార్లు తోసింది. అంతవరకూ నీ విజయం.

సాయంత్రం కుర్చీలో కూర్చుంది. నువ్వన్నట్టే యుగళగీతం. కొంచెంసేపు విని, "అవతలివాడు ఏమడిగాడని ఈవిడ ఇలా పాడుతోంది?" అంది. ఎక్స్ఛేంజ్ హాస్యం అనుకుని నేను పెద్దగా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పాట అయిపోయాక "బాగుంది" అంది. బావమరిదీ, ట్రయల్ గదిలోంచి బయటికొచ్చి కస్టమరు "బాగుంది" అని ఊరుకుంటే ఏమిటో నాకు తెలుసు. చంకలో పట్టేసిందని అర్థం.

ఆ మర్నాడు కుర్చీ కాస్త ఇటు జరిపింది, కాస్త అటు జరిపింది. ఆ తర్వాత రోజు ఆ వేళకి వంటింట్లో పని ఉందంది. ఇప్పుడు రోజూ ఏదో ఒక పని ఉంటోంది. నేను ఒక్కణ్ణే కూర్చుని, ఎడమ పెట్టెలో మగగొంతు నా చెవి దగ్గరే అరుస్తుంటే వింటున్నాను. నటించడానికి కూడా ఎవరూ లేరు.

ఇంకొక వింత. ఇవాళ తుడుస్తుంటే నీ దీపం బటన్ లోపలికి నొక్కుకుపోయి ఉంది. సందులో సుద్దముక్క. నీలం. "ఇదేమిటోయ్?" అని అడిగితే, "దీపం వెలుగుగా ఉంటుందని" అంది. కానీ సాయంత్రం ఆవిడ ఆ దీపం మొహమే చూడటం లేదు.

ఏం చేశావయ్యా మా పెట్టెని?

నీ బావ


మోటారు గది

బావగారికి,

నా పనిలో లోపం లేదు. కొలిచే పరికరాలన్నీ పెట్టి చూశాను. రెండు పక్కలా శబ్దం వెంట్రుకవాసి తేడా లేకుండా సమానం. పాత పెట్టె ఏనాడూ ఇలా పాడలేదు. వినే అలవాటు లేకపోతే కొన్నాళ్లు పడుతుంది. నా పెట్టె వైపు నుంచి ఇంతే.

సుద్ద ఇరికించే అలవాటు మాన్పించండి.

మీ బావమరిది


వెనక గది, కత్తెర బల్ల

బావమరిదికి,

ఉడుక్కున్నావు. ఉడుక్కో. నేను కూడా కుట్టిన కోటుకి వంక పెడితే మూడు రోజులు ఎవరితో మాట్లాడను. కానీ "రెండు పక్కలా సమానం" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నా సూది ఆగిపోయింది.

కవలల కథ నీకు గుర్తుంది కదా. ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఉన్నారని నేను ఒకడికే కొలతలు తీసి రెండు కోట్లు కుట్టాను. రెండోవాడికి ఒక భుజం వంగింది, వాడు ఉత్తరాల సంచీ మోసేవాడు. కొత్త కోటు పట్టక వాడు, అన్న పెళ్లిచూపులకి వేసుకున్న పాత వదులు కోటు తొడుక్కోబట్టే కదా ఆ గందరగోళమంతా. అప్పట్నుంచీ నేను ఏ మనిషికీ రెండు పక్కలా సమానంగా కుట్టలేదు. మనిషి సమానంగా ఉండడు. పరికరం ఉంటుందేమో.

అదలా ఉంచు. మీ అక్క మనసు బాగుచెయ్యడానికి నాకు చేతనైంది ఒకటే, చలికోటు. నిన్న కొలతలు తీశాను. టేపు వేస్తూ ఎప్పటిలాగే కుడి భుజం వేలెడు ముందుకి రాసుకున్నాను. రాశాక ఆగాను. పెళ్లయిన కొత్తలో కుట్టిన మొదటి కోటు కాగితం నమూనా బయటికి తీశాను. అందులోనూ వేలెడు ముందుకే. నేను ఎప్పుడూ ఎముకల తీరు అనుకున్నాను. కానీ నిన్న ఆవిడ ఎదురుగా నిలబడి మాట్లాడుతూ చూశాను: నేను నోరు తెరిస్తే చాలు, మెడ ఎడమకి తిరిగి, కుడి భుజం ముందుకొస్తోంది. నోరు మూస్తే వెనక్కి వెళ్తోంది. నేను ఇన్నేళ్లూ కుట్టింది భుజానికి కాదు, ఆ తిరగడానికి.

చిన్నప్పుడు ఎక్కడైనా పడిందా? మెడ ఏమైనా పట్టేసిందా? మీ అక్కని అడిగితే "మీ టేపు వంకర" అంటోంది.

నీ బావ


మా ఇంటి షెడ్డు

బావగారికి,

ముందు క్షమించమని రాస్తున్నాను. మీకు కాదు, అక్కకి రాయాలి. కానీ తనకి రాయకూడదు. ఎందుకో చెబుతాను.

అక్క ఎక్కడా పడలేదు. మీ ఉత్తరం చదివాక చిన్నప్పుడు బడికి నడిచే దారి గుర్తొచ్చింది. అక్క ఎప్పుడూ నాకు ఎడమపక్కనే నడిచేది. నేను అటు మారితే భుజం పట్టుకుని ఇటు లాగేది. "కుడివైపు ఉండు, నీ సోది వినబడదు" అనేది. అందరు అక్కలూ అలాగే అంటారనుకున్నాను.

మా ఇద్దరికీ గవదబిళ్లలు ఒకేసారి వచ్చాయి. దవడలు ఉబ్బి ఒకళ్లనొకళ్లం చూసుకుని నవ్వుకున్నాం. నాకు తగ్గింది. తను మాత్రం చెవిలో హోరుగా ఉందని కొన్నాళ్లు అంది, తర్వాత అనడం మానేసింది. మానేసింది కాబట్టి తగ్గిందనుకున్నాం.

మా లిఫ్టు ఒకదాంట్లో చెవి డాక్టరు గారు ఇరుక్కున్నారు. నేను తలుపు ఇవతల, ఆయన అవతల. ఇంతకన్నా తీరిగ్గా ఎప్పుడు దొరుకుతారని అడిగాను. గవదబిళ్లలు ఒక చెవిని పూర్తిగా తినెయ్యగలవట. పిల్లలు రెండో చెవితో నెట్టుకొస్తారట, ఇంట్లోవాళ్లకి కూడా తెలియదట. "అవునుగానీ తలుపు ఎప్పుడు తెరుస్తావు?" అన్నారు. తెరిచేశాను.

బావగారూ, అక్కకి ఎడమ చెవి లేదు. ఎక్స్ఛేంజ్‌లో వినే గొట్టం ఒక చెవికే తగిలించుకుంటారు, అందుకే అక్కడ ఎవరికీ తెలియలేదు. చుట్టూ అంతమంది మాట్లాడుతున్నా తనకి అడ్డం రాలేదంటే ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. ఇంట్లో తన కుడి చెవి కుడి స్పీకరు పక్కనే. మోనో నొక్కి ఉన్నంతకాలం పాట మొత్తం ఆ ఒక్క పెట్టెలోనే దొరికేది. గొళ్లెం అరిగాక సుద్ద చెక్కి పెట్టుకుంది. నేను తన చెవిని పట్టకారుతో పీకి చెత్తబుట్టలో పడేసి, అక్కడ దీపం పెట్టాను. "అవతలివాడు ఏమడిగాడు" అన్నది హాస్యం కాదు. మగగొంతు తనకి సరిగ్గా అందలేదు.

ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదంటే చెప్పాలనుకోలేదన్నమాట. మనం వెళ్లి కనిపెట్టేశాం అని చప్పట్లు కొట్టకూడదు. అందుకని ఈ ఉత్తరంతో చిన్న బోర్డు పంపుతున్నాను. మోనో కలిపి, తన వైపు స్పీకరుకి కాస్త ఎక్కువ ఇస్తుంది. మీరే బిగించాలి. బోర్డు మీద రంగులు వేశాను, ఏ రంగు తీగ ఆ రంగు దానికి. ప్లగ్గు ముందు పీకండి. నీళ్ల డబ్బా వేరే గదిలో పెట్టండి.

బటన్‌కి కొత్త గొళ్లెం నా దగ్గర ఉంది, కావాలనే పెట్టలేదు. సుద్ద ఉంటేనే నిలబడుతుంది. అది అక్క ఏర్పాటు. తన ఏర్పాటు తనకే ఉండనిద్దాం.

మీ బావమరిది


హాలు. కుర్చీ అదే, చోటు వేరు

బావమరిదికి,

బిగించాను. మీ అక్క కూరగాయలకని వెళ్లినప్పుడు ప్లగ్గు పీకి, నీళ్ల డబ్బాని వీధి అరుగు మీద పెట్టి, మూత తీశాను. నీ తీగలు చూస్తే ముచ్చటేసింది. వాటిని కట్టిన తీరు చూసి, నువ్వు దర్జీవి కావలసినవాడివి అనుకున్నాను. పసుపు తీగ ఒకటి ఆకుపచ్చదానికి పెట్టబోయి ఆగాను. నాకు రంగులు తెలియక కాదు, కళ్లజోడు నెత్తిమీదే ఉండిపోయింది. పని అయ్యాక, బటన్ సందులోని పాత ముక్క తీసేసి, పెట్టె మీద కొత్త నీలం సుద్ద ఒకటి "మర్చిపోయి" వచ్చాను.

సాయంత్రం వంటింట్లో పని ఉందన్న మనిషి, సుద్ద తీసి లోపల పెట్టడానికని వచ్చింది. వెనక గది తెర సందులోంచి చూస్తున్నాను. సుద్ద చేతిలో తిప్పి చూసింది. అంచు విరిచి, గోటితో చెక్కింది. బటన్ నొక్కింది. ఇరికించింది. పాడుతున్న పాట మధ్యలో ఆవిడ చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది. తర్వాత కుర్చీ లాక్కోకుండానే, అక్కడే నేలమీద కూలబడి, కుడి చెవి స్పీకరుకి ఆనించి కూర్చుంది. ఆ మొహం నేను నీకు రాయలేను. నీ పరికరాలతో కొలవడానికీ వీల్లేదు.

నేను రహస్యం దాచాలన్నావు. దాచాను, పాట అయిపోయేదాకా. తెర వెనక ముక్కు చీదుకుంటే దొరికిపోయాను.

"తమ్ముడు కనిపెట్టాడా, మీరు కనిపెట్టారా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"మొదట కోటు కనిపెట్టింది" అన్నాను.

ఇటు తిరిగి కూర్చుంది. తర్వాత తనే చెప్పింది. మొదట్లో చెబితే ఆపరేటరు ఉద్యోగం ఇవ్వరని చెప్పలేదట. పెళ్లయ్యాక నాతో చెబుదామనే అనుకుందట. "మీరు కవలల కథ మొదలుపెట్టారు. సందు దొరకలేదు. ఆ తర్వాత చెబితే ఇన్నాళ్లెందుకు చెప్పలేదంటారని ఊరుకున్నాను. ఊరుకోవడం అలవాటైపోయింది."

అప్పుడు నాకు తట్టింది బావమరిదీ. బజారులో నా ఎడమపక్కనే నడుస్తుంది, ఒక్క మాట వదలదు. ఇంట్లో నా కుర్చీ తన ఎడమవైపు వేసింది. తనే వేసింది. అంటే ఇన్నేళ్ల నా కథలు, పెళ్లికొడుకులని నవ్వించినవి, బ్యాంకు మేనేజరుని ఏడిపించినవి, అన్నీ నేను పెడచెవి వైపు కూర్చుని చెప్పాను! పెడచెవిన పెట్టడమంటే మాటవరసకి అనుకుంటాం కానీ మా ఇంట్లో దానికి ఒక కుర్చీ ఉంది.

"ఇది అన్యాయం కదోయ్" అన్నాను.

"పాట కుడివైపు ఉంది కదండీ. ఉన్నది ఒక్కటే చెవి. ఎవరో ఒకరు అటు కూర్చోవాలి."

ఇంకో సంగతి చెప్పనా? మనమంతా ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాం. ఆవిడకి ఆ సౌకర్యం లేదు. అందుకే నేను బజారులో అన్న ప్రతి మాటా ఇన్నేళ్లూ తిరిగి నాకే అప్పజెబుతోంది.

కుర్చీ లాక్కుని కుడివైపుకి వచ్చాను. స్పీకరుకీ ఆవిడకీ మధ్య ఇరుకుగా ఉంది, మోకాళ్లు తగులుతున్నాయి. కవలల కథ మొదలుపెట్టాను. ఆలోచించు, నా ఇంట్లోనే, నా ఎదురుగానే, కథ విననివాళ్లొకరు ఇన్నాళ్లూ దాగి ఉన్నారు. ఇప్పుడు నా దగ్గరున్న కథలన్నీ కొత్తవే. ఈ వయసులో ఇంత ఐశ్వర్యం ఎవరికి దక్కుతుంది? పెళ్లికూతురి తండ్రి దగ్గరికొచ్చేసరికి చేతులు చాపాను. ఆవిడ ముందుగానే పెట్టె మీద పూలకుండీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

చలికోటు కత్తిరించాను. కుడి భుజం వేలెడు ముందుకే. అది తప్పు కాదు, కొలత.

నీ బావ

తమ్ముడికి, ఈయన ఉత్తరం మడవబోతుంటే లాక్కుని కింద రాస్తున్నాను. పెట్టె బాగుంది. ఈసారి "బాగుంది" అంటే బాగుందనే. ముల్లు ఆగేటప్పుడు నెమ్మదిస్తుంది చూడు, అది నాకు చాలా నచ్చింది. కవలల కథ మొదటిసారి చివరిదాకా విన్నాను. రెండోవాడి పేరు పెళ్లికూతురి తండ్రి తప్పు పిలిచే చోట నవ్వాపుకోలేకపోయాను. ఆయనకి ఆ సంగతి చెప్పకు, ఇప్పటికే రోజుకొకటి చెబుతున్నారు, పాట మధ్యలో కూడా. నీకు వీలైతే ఈయనకి కూడా ఒక బటన్ పెట్టే ఉపాయం ఆలోచించు. గొళ్లెం అక్కర్లేదు, సుద్దతో నేను చూసుకుంటాను. తొందరేమీ లేదు.

అక్క